పరుపు కింద గ్లవ్

కూతుర్ని బేస్‌బాల్‌లో చేర్చేముందు బూట్లు కొనమని లోర్నాకి చెప్పారు, టోపీ కొనమని చెప్పారు. బంతి పట్టుకునే కొత్త తోలు గ్లవ్ చెక్కలా బిగుసుకుని ఉంటుందని మాత్రం ఒక్కరూ చెప్పి చావలేదు. మొదటిరోజు ప్రాక్టీసులో ఎనిమిదేళ్ల గ్రెటా ఎంత నొక్కినా అది మూసుకోలేదు. వచ్చిన బంతల్లా దానికి తగిలి అవతల పడింది.

"అది మెత్తబడాలంటే నూనె రాసి, లోపల బంతి పెట్టి, తాడుతో కట్టి పరుపు కింద పెట్టండి," అన్నాడు కోచ్ వెండెల్. "పైన బరువైన మనిషెవరైనా పడుకోవాలి."

బరువైన మనిషి కోసం లోర్నా వెతుక్కోనక్కర్లేకపోయింది. మొగుడు డ్వైట్ పడుకునే వైపు పరుపు కింద గ్లవ్ పెట్టింది.

"నా నడుం విరుగుతోందే!" అని అతను వారమంతా మొత్తుకున్నాడు.

"ఇన్నాళ్లు తిన్నందుకు ఇప్పుడైనా పనికిరా. కదలకుండా పడుకో."

శనివారం ఆటలో బంతి ఆకాశానికెగిరి సరిగ్గా గ్రెటా మీదికే వచ్చింది. లోర్నా గట్టిగా కళ్లు మూసుకుంది. తెరిచేసరికి గ్లవ్ మూసుకుని ఉంది, బంతి దాని లోపలుంది.

అందరూ లేచి చప్పట్లు కొడుతుంటే డ్వైట్ మాత్రం నడుం పట్టేసి లేవలేకపోయాడు. లోర్నాకి జాలేసి చెయ్యందించింది.

"ఇవాళ్టి నించి గ్లవ్ నా వైపు పెట్టుకుంటాలే."

"వద్దు," అన్నాడు డ్వైట్ ఛాతీ విరుచుకుని. "నీ బరువు చాలదు."