ఒక పేరు, మూడు కుర్చీలు

"మా వరసలో పదకొండు ఇళ్ళున్నాయమ్మా. మ్యాపులో మాత్రం ఖాళీ జాగా అని ఉందంట. రేపు పొద్దున్నే కూలగొట్టే యంత్రం వస్తుందంట," అంది గుమ్మంలో నిలబడ్డ కుట్టుపనావిడ. మిషను మీంచి లేచి వచ్చినట్టుంది, మెడలో టేపు అలాగే వేలాడుతోంది. "పట్టణ ఆఫీసులో అడిగితే, గీసినామెనే పోయి అడగమన్నారు. కింద నీ పేరుంది."

పట్టణ ఆఫీసుకు మ్యాపులు గీసిచ్చే ఆ చిన్న గదిలో పెద్దక్క తన కంప్యూటరు వైపు తిరిగింది. మ్యాపు తెరిచి చూసింది. కాలువ ఉంది, దాని పక్కన రోడ్డు ఉంది. ఇళ్ళు లేవు.

"సోమవారం ఆ ఇళ్ళు నేనే గీశానక్కా," అంది పక్క కుర్చీలోని అమ్మాయి. ఆమెను అక్కడ అందరూ కళ్ళజోడు అంటారు. "మెట్లతో సహా గీశాను."

ఆమె అబద్ధం చెప్పడం లేదు. మూడో కుర్చీలో కూర్చునే, నూనెతల అని పిలిచే అతను కూడా దొంగపని చేయలేదు. ఆ గదిలో పనిచేసేది ముగ్గురు, సాఫ్ట్‌వేర్ లెక్కలో మాత్రం ఒక్కరే. మనిషికొక ఖాతా కొనాలంటే ఒక్కోదానికి ఏడాదికి ఎనిమిది నెలల జీతమంత అవుతుంది. అందుకని యజమాని పెద్దక్క పేరున ఒకటే కొని మూడు కంప్యూటర్లలోనూ తెరిపించాడు. "మనమంతా ఒకింటివాళ్ళం," అన్నాడు ఆ రోజు. జీతాల రోజున మాత్రం ఆ చుట్టరికం ఆయనకు గుర్తుండదు.

ఒకరు తెరిచి ఉంచిన మ్యాపును ఇంకొకరు తెరిస్తే ఆ సాఫ్ట్‌వేర్ హెచ్చరిస్తుంది. ఇద్దరిదీ ఒకే పేరైతే నోరెత్తదు. సోమవారం పొద్దున ఇద్దరూ ఒకే మ్యాపు తెరిచారు. కళ్ళజోడు ఇళ్ళు గీసి మధ్యాహ్నం సేవ్ చేసింది. నూనెతల రోడ్డు గీసి సాయంత్రం సేవ్ చేశాడు. అతని తెర మీద ఇళ్ళు లేవు కాబట్టి చివరికి మిగిలిన మ్యాపులోనూ లేవు. రోజుకు ఆరు మ్యాపులు పంపాల్సిన చోట సరిచూసే తీరిక ఎవరికుంటుంది? ఎవరూ చెరపకుండానే పదకొండు కాపురాలు చెరిగిపోయాయి.

పెద్దక్క పట్టణ ఆఫీసుకు ఫోను చేసింది. ఐదులోపు సవరణ కాగితం ఇస్తే యంత్రాన్ని ఆపుతామన్నారు. పొరపాటు ఎలా జరిగిందో అందులో రాసి, గీసినవాళ్ళు సంతకం పెట్టాలి. అప్పటికే నాలుగవుతోంది. ఆఫీసు అరగంట నడక.

లోపలి గదిలోంచి వచ్చిన యజమాని అంతా విన్నాడు. గొంతు పెంచలేదు.

"ఒక ఖాతాతో ముగ్గురు పనిచేశారని తెలిస్తే కాంట్రాక్టు పోతుంది. ఈ గదికి తాళమే. ఆవిడకి ఏదో ఒకటి చెప్పి పంపించెయ్. ఇంకో చోట ఇళ్ళు వేసుకుంటారు, వాళ్ళకేం కొత్తా?" అని, ఫోను మోగితే మాట్లాడుకుంటూ మెట్లు దిగిపోయాడు.

తన ఒక్కదాని పొరపాటేనని రాసేద్దామనుకుంది పెద్దక్క. కానీ ఆ సోమవారం తన పేరున ఒకే గంటలో మూడు మ్యాపులు వెళ్ళాయి. ఒక మనిషికి అది చేతనయ్యే పని కాదని ఎవరైనా పట్టేస్తారు.

"అక్కా, నా కడుపు కొట్టకు," అన్నాడు నూనెతల. "మా ఆవిడకి నెలలు నిండాయి. ఇప్పుడు పని పోతే నేనెక్కడికి పోను?"

పెద్దక్కకు ఏడుపొచ్చింది. అతని మీద కోపమూ వచ్చింది. ఇంట్లో మంచం పట్టిన మొగుడు తనకూ ఉన్నాడు, ఆయన మందులు ఈ కుర్చీలోంచే రావాలి.

కుట్టుపనావిడ బతిమాలలేదు. "మా అత్త నడవలేదమ్మా. రాత్రికే ఎత్తుకొచ్చి బయట కూర్చోబెట్టాలా, వద్దా? అదొక్కటి చెప్పు చాలు."

పెద్దక్క సవరణ కాగితం ప్రింటు తీసింది. 'ఒకే ఖాతాతో ముగ్గురం పనిచేశాం. ఒకరి పని మీద ఇంకొకరి పని పడింది' అని రాసి సంతకం పెట్టింది. సంతకానికి ఒక్క గీతే ఉంది. స్కేలు తీసుకుని దాని కింద ఇంకో రెండు గీతలు గీసింది.

"నా పేరు నేను రాశాను. మీ పేర్లు నేను రాయను. మీ ఇష్టం."

కళ్ళజోడు సంతకం పెట్టి పెన్ను నూనెతల ముందు పెట్టింది. మెట్లెక్కి వస్తున్న యజమాని చెప్పుల చప్పుడు వినిపించింది. నూనెతల పెన్ను చేతిలోకి తీసుకుని ఆ ఖాళీ గీతను చూశాడు.

"పూర్తి పేరు రాయాలా అక్కా?" అన్నాడు. మూడేళ్ళలో ఆ గదిలో ఎవరూ అతని పేరు అడగలేదు.

"పూర్తిగా రాయి," అని, పెద్దక్క లేచి వెళ్ళి తలుపు మూసి దానికి వీపు ఆనించి నిలబడింది.