పదిహేడో డబ్బా

పదిహేడో డబ్బా మూత టకటకా కొట్టుకుంటోంది.

అది కట్టుడు పళ్లు నానబెట్టే డబ్బా. లోపలున్నవి నిజంగా పళ్లే అయితే కదలకూడదు.

"మామయ్యా, ఇదేదో కదులుతోంది," అంది చిన్నకోడలు, నవ్వాలో భయపడాలో తేల్చుకోలేక.

లోపలేముందో పెద్దకోడలికి తెలుసు. బల్ల దగ్గర్నుంచి ఒక్క అంగలో అర దగ్గరికొచ్చి మూత లాగేసింది. నీలం నురగ బుసబుసా పొంగింది. ఆ నురగలో ఒక పక్కకి ఒరిగిపోయి, నోరు తెరుస్తూ మూస్తూ ఎర్రటి చేప.

"ఎర్రబాబు," అంది చిన్నకోడలు. అది ఆమె కొట్టులో పెంచుకునే చేప.

"నీళ్ల క్యాను తీసుకురా, చెల్లీ. త్వరగా."

చిన్నకోడలు పరిగెత్తింది. ఆ కాస్త వ్యవధిలోనే పెద్దకోడలు బొటనవేలి గోరుతో డబ్బా మీది చీటీ పీకి, కుడి గుప్పిట్లో నొక్కేసుకుంది.

కొత్తగా కొని ఇంకా వాడని వెడల్పాటి తొట్టి ఒకటి మూలన ఉంది. అందులో మంచినీళ్లు పోసి చేపని వదిలారు. అది రాయిలా అడుక్కి పోయింది. మొప్పలు మాత్రం ఉండి ఉండి కదులుతున్నాయి.

ముందు గదిలోంచి మామగారు వచ్చారు. ముప్పై ఏళ్లుగా ఊళ్లో సగం మంది నోళ్లలో ఆయన పేర్చిన పళ్లే నవ్వుతున్నాయి. ఇప్పుడు ఆయనకి వయసు మీదపడింది. పళ్లు పేర్చే కుర్చీ కోడళ్లలో ఎవరికిచ్చేదీ ఈరోజే చెబుతానన్నారు.

"దీంట్లో పళ్లు కడిగే బిళ్ల ఎవరేశారు?"

"నేనే మామయ్యా. రోజూలాగే మూతలు కాస్త ఎత్తి వేసుకుంటూ పోయాను. కానీ చీటీ ఉంది. చీటీ చూశాకే వేశాను."

ఆ కొట్టులో కట్టుబాటు ఒక్కటే. చీటీ ఉన్న డబ్బాలో ఎవరివో పళ్లు ఉన్నట్టు, దాంట్లో కడిగే బిళ్ల పడాలి. చీటీ లేని డబ్బాని ఎవరూ ముట్టుకోకూడదు.

మామగారు డబ్బాని చుట్టూ తిప్పి చూశారు. "ఏదమ్మా చీటీ?"

పెద్దకోడలి అరచేతిలో జిగురు చురుక్కుమంది.

తొమ్మిదేళ్లు ఈ కొట్టులో మైనం కరిగించింది, అచ్చులు పోసింది, పళ్లు అరగదీసింది. ఏనాడూ "బాగుంది" అన్న మాట ఆయన నోట రాలేదు. చిన్నకోడలు వచ్చి ఆరు నెలలు. వస్తూ వస్తూ కాఫీపొడి సీసాలో ఒక చేపని తెచ్చి కిటికీలో పెట్టింది. ఆ రోజు నుంచీ మామగారు రాగానే చెప్పులైనా విప్పకుండా దాన్నే పలకరిస్తారు. నిన్న చిన్నకోడలు సెలవు. ఆయన సీసా మీదికి వంగి, "మీ అమ్మా నువ్వూ వచ్చాకేరా ఈ కొట్టుకి కళొచ్చింది," అన్నారు.

పక్కనే ఉన్న పెద్దకోడలు అది విన్నది. ఆయన అటు వెళ్లగానే చెంచాతో చేపని కాసిని నీళ్లతో సహా డబ్బాలోకి వంచి, మూతపెట్టి, అర చివర దాచేసింది. ఒక్క పూట కనపడకపోతే కొట్టు కళ ఎటు పోతుందో చూద్దామనుకుంది. డబ్బా అర ఎక్కితే చీటీ అంటించడం ఆమె చేతికి అలవాటు. మనసు మండుతున్నా చెయ్యి తన పని తాను చేసుకుపోయింది.

చేప లేదని పొద్దున్న చిన్నకోడలికి తెలియనే లేదు. రెండు వారాలుగా మార్చని నీళ్లు పాచిపట్టాయి. ప్లాస్టిక్ ఆకు వెనక ఉందనుకుని బిస్కెట్ పొడి చల్లి వెళ్లిపోయింది. మామగారూ ఆ ఆకునే పలకరించి వెళ్లారు.

"చేప అందులోకెలా వచ్చిందో తర్వాత తేల్చుకుందాం. చూడకుండా బిళ్ల వేసినదానివి రేపు చూడకుండా పళ్లు పేరుస్తావు," అన్నారు మామగారు. "పైగా లేని చీటీ ఉందంటావు. పెద్దమ్మాయ్, కుర్చీ నీది."

తొమ్మిదేళ్లుగా ఎదురుచూసిన మాట. పెద్దకోడలు వెళ్లి కూర్చుంది.

చిన్నకోడలు తొట్టి పక్కన చతికిలబడింది. "అక్కా, మూత తీసింది నువ్వేగా. చీటీ ఉందా లేదా? నువ్వు లేదంటే లేనట్టే. నా కళ్లే నన్ను మోసం చేశాయనుకుంటాను."

పెద్దకోడలు చూపు తిప్పుకుంది. తొట్టిలో చేప కదిలింది. పక్కకి ఒరిగే, తడబడుతూనే ఈ గోడ నుంచి ఆ గోడ దాకా ఈదింది. దాని తోక విచ్చుకుంది. చీర కుచ్చెళ్లంత తోక. ఆరు నెలల్లో ఒక్కసారీ విచ్చుకోలేదు. సీసాలో రెండు తిప్పులు తిరిగితే ముక్కు గాజుకి కొట్టుకునేది. అది పెద్దకోడలు రోజూ చూసేది. తనది కాని చేప గురించి తనకెందుకని ఊరుకునేది.

"తీసుకో," మామగారు తన మైనం చెక్కే కత్తి అందించబోయారు. పిడి అరిగిన ఆ కత్తిని ఆయన ఎవర్నీ ముట్టుకోనిచ్చేవారు కాదు.

ఆమె ఎడంచెయ్యి చాపింది.

"అదేంటి, కుడిచెయ్యి ఎక్కడ తాకట్టు పెట్టావు?"

చిన్నకోడలు కన్నీళ్లలోనే కిసుక్కున నవ్వింది. ఆ నవ్వులో అనుమానం మచ్చుకైనా లేదు. అనుమానించి ఉంటే బొంకడం తేలికయ్యేది.

పెద్దకోడలు కుడి గుప్పిట విప్పింది. నలిగి, చెమటకి తడిసి, చర్మానికి అతుక్కుపోయి ఉంది చీటీ. పదిహేడు. ఏడుకి నడుమ అడ్డగీత.

మామగారు కళ్లజోడు సర్దుకుని వంగారు. ఏడుకి అలా గీత గీసేది ఇంట్లో ఒక్కరే. కత్తిని మెల్లగా వెనక్కి తీసుకున్నారు.

"చెల్లి తప్పు లేదు మామయ్యా," అంది పెద్దకోడలు, కుర్చీలోంచి లేస్తూ. "చేపని డబ్బాలో పెట్టింది నేను. చీటీ అంటించింది నేను. పీకి దాచిందీ నేనే."