వగలు

పాల క్యాను ఎత్తబోయి యశోద కూలబడింది. కుడి డొక్కలో మొదలైన నొప్పి వీపులోకి పాకింది. గడప ముందు గిన్నెలు పట్టుకుని నిలబడ్డ వాడుకవాళ్లకు వినపడేట్టే అన్నది అత్త బాలమ్మ: "షురూ జేసింది నకరాలు! బడికి పోయేటందుకైతే యాడలేని తాకత్ వస్తది."

భర్త గోవర్ధన్ అందరి ముందూ ఆమె ముఖాన్ని పరీక్షగా చూశాడంతే. తర్వాత వంటింట్లోకి వచ్చి మెల్లగా అడిగాడు. "నిన్న పెండ్లిల మస్తు నవ్వుకుంట తిరిగినవ్. గప్పుడు లేని నొప్పి పాలు పోసేటప్పుడే ఎందుకొస్తది?"

అతని అనుమానం యశోదకూ అంటుకుంది. అతను చూస్తున్నాడని చెయ్యి కాస్త గట్టిగా నొక్కుకున్నానా? అత్తకు వినపడాలనే మూలిగానా? ఛత్రినాక గల్లీల్లోంచి బడికి నడుస్తూ తన నొప్పిని తానే నిలదీసింది. ఎవరూ చూడనప్పుడు కూడా వస్తుందా అని ఒక గోడ పక్కన ఆగింది. వచ్చింది. అయినా నమ్మకం కుదరలేదు.

ఆమె చెప్పేది తెలుగు. తొమ్మిదో తరగతిలో ఆ రోజు పాత పద్యం, అందులో నాయిక వగలు పోతుంది. "వగలంటే లేనిపోని హొయలు. చూసేవాళ్ల కోసం చేసే నటన. మన దిక్కు నకరాలంటం."

పిల్లలు కిలకిలా నవ్వారు. ముందు బెంచీలో స్రవ్య మాత్రం నవ్వలేదు. "టీచర్, మొన్నటి పాఠంల తల్లి వగచింది అంటే ఏడ్సిందని చెప్పిండ్రు గద. వగ అంటే దుఃఖమన్నరు. మరి గిదేంది?"

"రెండర్థాలూ ఉన్నయమ్మా."

"ఏ అర్థమో ఎట్ల తెలుస్తది?"

'సందర్భాన్ని బట్టి' అనబోయి ఆగింది. ఆ సందర్భం చెప్పేదెవరు? ఇన్నేళ్లుగా చెప్పిన పద్యాలన్నిటి మీదా ఒక్కసారిగా అనుమానం పుట్టింది. వగలాడి అని పేరు పెట్టినవాడు పక్కన నిలబడి చూసినవాడే. ఆ పేరు పడ్డ ఆడమనిషి తన నోటితో 'ఇవి నా వగలు' అన్న పద్యం ఒక్కటీ గుర్తు రాలేదు. బిడ్డ కోసం ఏడిస్తే దుఃఖమట, తన కోసం ఏడిస్తే నటనట. తను నటించిన మాట నిజమే. పెళ్లిలో నొప్పిని మింగి, వడ్డిస్తూ, నవ్విందే, అదీ నటన. దాన్ని మాత్రం ఇంట్లో ఎవరూ అనుమానించలేదు.

సుద్దముక్క జారిపోయింది. ఆమె కుర్చీ పట్టుకుని కిందికి ఒరిగింది. పక్క తరగతి నుంచి షారోన్ టీచర్ పరుగున వచ్చి, ఆటోలో ఆసుపత్రికి తీసుకుపోయింది. పిత్తాశయంలో రాళ్లు, బాగా వాచింది, ఆపరేషన్ చెయ్యాలన్నారు.

గోవర్ధన్ వచ్చి ముందు డాక్టరమ్మనే అడిగాడు. "నిజంగనే ఉన్నయా మేడం?" స్కాన్ చూపించాక అతని గొంతు మెత్తబడింది. మంచం పక్కన కూర్చున్నాడు. "గింత నొప్పి ఉంటే ముందుగాల చెప్పొద్దా?"

"చెప్పిన."

అతను స్కాన్ కాగితాలు మడిచి కవర్లో పెట్టాడు. "సరే, ఫికర్ చెయ్యకు. వారంల లేసి తిరగొచ్చంటున్నరు. గప్పటిదాంక పాలు అమ్మ చూసుకుంటది."

"హుస్సేనీ ఆలంకు పోత, మా అమ్మ దగ్గరికి."

"ఎన్ని రోజులు?" మళ్లీ అదే చూపు.

తన ముఖం అతనికి ఎట్లా కనిపిస్తున్నదోనని యశోద ఈసారి చూసుకోలేదు.

"నొప్పి పోయిందని నేను చెప్పేదాంక," అన్నది.