కాళ్లకు సెగ

నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. నా నోరు మంచిదే, కాలింది మాత్రం మా అక్క కాలు.

పన్నెండేళ్లు దుబాయిలో ఒక హోటల్లో మెయింటెనెన్స్ పని చేశాను. అక్కడ చెక్క గదుల్లో కూర్చుని చెమట పట్టించుకుంటారు, ఇన్‌ఫ్రారెడ్ సానా అంటారు. కోరుట్లకు తిరిగొచ్చాక, జగిత్యాలలో ఫిజియోథెరపీ నడిపే రత్నమాల మేడమ్ అలాంటి గది ఒకటి చేసిమ్మంది. ఆమె దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది నడుములు పట్టేసిన బీడీ కార్మికులే.

"హీటర్లు ఏ రకం పెడ్దాం జలపతన్నా?" అని అడిగింది.

రెండు రకాలున్నాయి. కార్బన్ ప్యానెల్ గోడంతా పరుచుకుని మెల్లగా వెచ్చబడుతుంది, చెయ్యి ఆనినా భయం లేదు. సిరామిక్ గొట్టం చిన్నది, జాలీ వెనక నిప్పులా కాగుతుంది. ఇక్కడికి కార్బనే మంచిదని నాకు తెలుసు. అయినా, "మనోళ్లకు సుర్రుమనాలె మేడమ్, లేకుంటే పని చేస్తలేదంటరు" అన్నాను. దుబాయి పోయొచ్చినవాడి మాటకు ఎదురేముంది?

ముందు మా షెడ్డులోనే గది బిగించి, మా అక్క నర్సక్కను కూర్చోబెట్టాను. నలభై ఏళ్లుగా బీడీలు చుడుతున్న మనిషి. షుగరు ఉంది. కాలి నుంచి చెప్పు జారిపోయినా ఆమెకు తెలియదు. అదీ నాకు తెలుసు. కాళ్లలో స్పర్శ లేనివాళ్లు లోపలికి పోవద్దని హోటల్లో తలుపు మీదే రాసి ఉండేది. ఆ బోర్డు రోజూ తుడిచింది నేనే.

తలుపు వేసి బయట నిలబడ్డాను. "కాళ్లకు సెగ తగుల్తుందా అక్కా?"

"మస్తు తగుల్తుంది తమ్మీ."

తలుపు అద్దంలోంచి ఒక్కసారి చూస్తే సరిపోయేది. నేను సిరిసిల్ల దోస్తుకు ఫోనులో నా పనితనం చెప్పుకుంటూ ఉండిపోయాను. ఇరవై నిమిషాలకు తలుపు తీస్తే అక్క బెంచీ మీద లేదు. ఇంట్లో బీడీల చాట ముందు పెట్టుకుని కూర్చున్నట్టే కింద కాళ్లు మడిచి సక్లముక్లం పెట్టుకుని, అడుగున ఉన్న హీటరు జాలీకి కాలు ఆనించి కూర్చుంది. నేను కొలతలన్నీ బెంచీ మీద కూర్చునేవాళ్ల లెక్కన తీశాను. మా ఇంటి ఆడవాళ్లు నేల మీద కూర్చునే నన్ను పెంచారన్న సంగతి మరిచాను. తెల్లారేసరికి పిక్క మీద అరచెయ్యంత బొబ్బ లేచింది.

"కుంపటి తగిలిందని చెప్త. నీకిది మొదటి పని, ఊకో" అంది అక్క. నేను సరే అన్నాను. సిగ్గులేకుండా సరే అన్నాను.

వారం తిరక్కుండానే మేడమ్ గది చూడటానికి వచ్చింది. అక్క చీర కిందికి లాక్కుని నిలబడింది.

"ఎట్లున్నదమ్మా?"

"మంచిగున్నది బిడ్డా. నడుం నొప్పి మాయమైంది."

మేడమ్ నా వైపు తిరిగింది. "అయితే సిరామిక్కే ఉంచుదామా?"

అక్క చీర అంచు మందుతో తడిసి కాలికి అంటుకుని ఉంది. వంగి ఆ అంచు పైకెత్తాను. "కుంపటి తగిలిందంటది మేడమ్, కాదు, నేనే కాల్చిన" అన్నాను.

అక్క నా చెయ్యి తోసేసింది. "ఇజ్జత్ తీసినవ్ గద రా" అని లోపలికి పోయింది. మేడమ్ ఆమెను బతిమాలి అప్పుడే దవాఖానకు తీసుకుపోయింది.

పుండు మానడానికి రెండు నెలలు పట్టింది. ఇక ఆమెకు ఏ సెగా వద్దని డాక్టరు చెప్పాడు. ఈలోపు హీటర్లు పీకి కార్బన్ ప్యానెళ్లు పెట్టాను, బెంచీ తీసేసి కింద చెక్క పరిచాను. కింద కూర్చుంటే గోడ ఎంత దూరముంటుందో చూసుకోవడానికి అక్కను పిలిచాను. ప్యానెళ్ల స్విచ్ వెయ్యనే లేదు.

అక్క వచ్చి సక్లముక్లం పెట్టుకుంది. నేను టేపు పట్టుకుని వంగాను. నా మొహంలో ఏం చూసిందో, అడగకుండానే చెప్పింది.

"కాళ్లకు సెగ మస్తు తగుల్తుంది తమ్మీ."

ఆ రోజు కూడా అచ్చం ఇలాగే చెప్పింది.