బావ గీసిన గీత

మా బైకుల మెకానిక్ షాపులో ఒక నియమం ఉంది. బోల్టు సరిగ్గా బిగిసిందంటే టార్క్ రెంచి, అంటే బిగువు కొలిచే పానా, టిక్కుమంటుంది. ఆ టిక్కు వినగానే బోల్టు తల మీంచి పక్కనున్న లోహం మీదకి పసుపు రంగుతో ఒక గీత గీయాలి. గీత ఉంటే బిగించినట్టే, ఇక రెండో మనిషి దాన్ని ముట్టుకోకూడదు. ఈ నియమం పెట్టింది మా బావ, అంటే మా అక్క మొగుడు. నాకు స్పానర్ పట్టుకోవడం నేర్పింది ఆయనే, తప్పుగా పట్టుకున్నప్పుడల్లా మొట్టికాయ వేసిందీ ఆయనే. నా బట్టతలకి సగం కారణం ఆయనేనని ఇప్పటికీ నా అనుమానం.

పదకొండు నెలల కిందట ఆయన బాగుచేసిన ఒక బండిని పక్కకి జరుపుతుంటే వెనక ఇరుసు నట్టు నా వేళ్ళకి తగిలింది. తగిలి, తిరిగింది. స్పానర్ అక్కర్లేకుండా ఒట్టి వేళ్ళతో. దాని మీద పసుపు గీత మాత్రం స్కేలు పెట్టి గీసినట్టుంది. ఆయన బిగించడం మరిచిపోయి గీయడం గుర్తుపెట్టుకున్నాడు. ఒళ్ళు మండి నిలదీద్దామని వెళ్ళాను. ఆయన పొద్దున చెప్పిన జోకే మళ్ళీ చెప్పడం మొదలుపెట్టాడు, అవే మాటల్లో, అక్కడే ఆగి నవ్వుతూ. నేను వెనక్కొచ్చి ఆ నట్టు నేనే బిగించాను.

ఆ రోజు నుంచీ నేనొక దొంగపని చేస్తున్నాను. ఒంటిగంటకి బావ భోజనానికి ఇంటికెళ్ళి, ఓ కునుకు తీసి మూడింటికి వస్తాడు. ఆ రెండు గంటల్లో ఆయన ముట్టుకున్న ప్రతి బోల్టునీ నేను మళ్ళీ చూస్తాను. వదులుగా ఉంటే బిగించి, పాత గీత తుడిచేసి, ఆయన గీసినట్టే కొస కాస్త ఎడమకి వంచి కొత్త గీత గీస్తాను. మొదట్లో వారానికొకటి దొరికేది. ఈమధ్య రోజుకి రెండు. ఈ వయసులో కూడా మీ బావ చెయ్యి తప్పదయ్యా అని కస్టమర్లు మెచ్చుకుంటుంటే తలూపుతూ నిలబడేవాణ్ణి. నిజం బయటపెడితే ఆయన చేతిలోంచి స్పానర్ లాక్కోవాలి. అది నావల్ల కాలేదు. పిరికితనం అనండి, నేను దానికి మర్యాద అని పేరు పెట్టుకున్నాను.

పోయిన వారం మా మేనకోడలి బండి పనికొచ్చింది. ఆ పిల్లది కొండల్లో నదుల నీటిమట్టం కొలిచే ఉద్యోగం. అందుకని ఇరవై ఏళ్ళ నాటి టూరింగ్ బండి ఒకటి కొనుక్కుంది. ఎత్తైన సీటు, పెద్ద ట్యాంకు, వెనక రెండు అల్యూమినియం పెట్టెలు. దాన్ని మేం ఒంటె అంటాం. కూతురి బండి మీద ఇంకెవరి చెయ్యీ పడకూడదని బావ పట్టుబట్టాడు. ముందు ఫోర్కుల్లో నూనె కారకుండా ఆపే సీళ్ళు మార్చాడు, బ్రేకులు విప్పాడు, రోజూ కొంచెం కొంచెం చేశాడు. రోజూ మధ్యాహ్నం నేను వెనకే చూసుకుంటూ వచ్చాను. శుక్రవారం ముందు చక్రం ఎక్కించాడు. ఆ మధ్యాహ్నం నేను పన్ను పీకించుకోవడానికి వెళ్ళాను. ఆ పిల్ల బయల్దేరేది ఆదివారం కదా, శనివారం చూడొచ్చులే అనుకున్నాను.

శనివారం తొమ్మిదిన్నరకి బుగ్గ వాచిపోయి షాపుకొస్తే ఒంటె ఉండే చోట నూనె మరక మాత్రమే ఉంది.

రేపు కొండల మీద మంచు పడుతుందన్నారట, అందుకని ఇవాళ ఆరింటికే వెళ్ళిపోయింది అన్నాడు బావ, పానాలు తుడుస్తూ. ముందు ఇరుసు బిగించాలంటే లావుపాటి ఆరుపలకల ఎలన్ కీ ఒకటి కావాలి. అది లేకుండా ఆ ఇరుసుని మనిషన్నవాడు బిగించలేడు. గోడ మీద దాని మేకు ఖాళీగా ఉంది. గురువారం పక్క వీధి మెకానిక్ అడిగితే ఇచ్చింది నేనే. అతను ఇంకా తిరిగివ్వలేదు. అంటే శుక్రవారం చక్రం ఎక్కించినప్పుడు అది బావ చేతిలో లేదు.

ఇరుసుని పట్టి ఉంచే చిన్న బోల్టులు రెండున్నాయి. అవి బిగిసి ఉంటే కొంతదూరం లాగొచ్చు. ఉంటే.

బయటికొచ్చి ఆ పిల్లకి ఫోన్ చేశాను. కలవలేదు. కొండ మొదలయ్యాక అక్కడ సిగ్నల్ ఉండదు. కనుమ పైకి చేరేసరికి పదకొండవుతుంది, ఆ తర్వాత అంతా దిగుడే, మలుపు మీద మలుపు. అక్కకి ఫోన్ చేసి పదకొండు నెలల సంగతీ ఒక్క గుక్కలో కక్కేశాను. తిడుతుందనుకున్నాను.

"నాకు తెలుసురా" అంది అక్క. "నువ్వు వెనకే చూసుకుంటున్నావని ధైర్యంగా ఉన్నాను. లేకపోతే పొద్దున దాన్ని పంపేదాన్నా?"

ఫోన్ పెట్టేసి వెనక్కి తిరిగితే గుమ్మంలో బావ. ఎంతసేపటి నుంచి ఉన్నాడో తెలియదు.

"నిన్న చూశావుగా?" అన్నాడు.

నాకు అర్థం కాలేదు.

"నేను మధ్యాహ్నాలు నిద్రపోనురా" అన్నాడు, నేల చూస్తూ. "ఊరికే పడుకుంటాను. నువ్వు చూసుకోడానికి టైమివ్వాలి కదా. నువ్వు చూసేశావనుకునే తాళం దాని చేతికిచ్చాను."

"నిన్న నేను లేను బావా. పన్ను కోసం వెళ్ళాను."

ముగ్గురం ఒకరి పరువు ఒకరం కాపాడుకుంటూ ఆ పిల్లని కొండెక్కించాం. నా మీద నాకే అసహ్యం వేసింది. పక్క వీధికి పరిగెత్తి ఎలన్ కీ లాక్కొచ్చాను, బావని షాపు వ్యానులో కూర్చోబెట్టి బయల్దేరాను. మూడున్నర గంటలు ముందున్న మనిషిని ఆ డొక్కు వ్యానుతో అందుకోలేనని నాకూ తెలుసు, ఆయనకీ తెలుసు. ఆగకుండా డయల్ చేస్తూనే ఉన్నాడు. అందుబాటులో లేరని ఆ గొంతు చెప్పిందే చెబుతోంది.

కాసేపటికి ఫోన్ ఒళ్ళో పెట్టుకుని, ఖాళీ చేతులు గాల్లో ఆడిస్తూ గొణగడం మొదలుపెట్టాడు. చక్రం ఎత్తాను. ఇరుసు దూర్చాను. చిన్న బోల్టులు చేతిలోకి తీసుకున్నాను. అక్కడ ఆగిపోయి మళ్ళీ మొదటికొచ్చాడు. చక్రం ఎత్తాను, ఇరుసు దూర్చాను.

వ్యానులో గడియారం పదకొండు దాటింది.

"తర్వాత ఏం చేశాన్రా?" అని అడిగాడు.

నేను యాక్సిలరేటర్ ఇంకాస్త తొక్కాను.