అక్క బిగించిన స్ప్రింగు

చెల్లెలు కొత్త ఎలక్ట్రిక్ బండిని షెడ్డులోకి తోసుకొస్తుంటే అక్క తలెత్తలేదు. చూస్తే కడుపు మండుతుందని ఆమెకు తెలుసు. ఒకప్పుడు ఆ కొండదారుల్లో ఆమెను దాటి బండి నడిపినవాళ్లు లేరు. మోకాలు దెబ్బతిన్నాక నడపడం మానేసి, నలుగురి బండ్ల సస్పెన్షన్లు సరిచేస్తూ బతుకుతోంది. చెల్లెలేమో నిన్నగాక మొన్న హ్యాండిల్ పట్టుకుంది. అప్పుడే కొండదారుల్లో బండ్లు నడిపే జట్టులో అందరూ ‘ఉడత’ అని ముద్దుగా పిలుస్తున్నారు. అక్కకు మాత్రం ఏనాడూ ఎవరూ ముద్దుపేరు పెట్టలేదు.

“అక్కా, రాళ్లదారికి తగ్గట్టు సెట్ చేసిపెట్టవా? ఆదివారం కొండెక్కుతున్నాం.”

“ఎక్కి కూర్చో,” అంది అక్క ముక్తసరిగా.

చెల్లెలు హెల్మెట్, బూట్లతో సహా ఎక్కి కూర్చుంది. అక్క టేపు పెట్టి కొలిచింది. ఆ బరువుకు బండి వెనకభాగం ఎంత దిగాలో సరిగ్గా అంతే దిగింది. ఇక స్ప్రింగు జోలికి వెళ్లాల్సిన పనే లేదు.

“చప్పుడే ఉండదక్కా! టైరు కింద రాళ్లు నలగడం వినిపిస్తుంది తెలుసా,” అని చెల్లెలు మురిసిపోయింది. తర్వాత ఫోను మోగితే మాట్లాడుతూ బయటికెళ్లింది.

అక్క చెయ్యి స్పానర్ అందుకుంది. స్ప్రింగు మీది రింగును ఐదు చుట్లు బిగించేసింది. స్ప్రింగు గట్టిపడి బండి కాస్త ఎగిరెగిరి పడితే పొగరు దిగుతుందిలే అని తనకు తానే సర్దిచెప్పుకుంది.

ఆదివారం మధ్యాహ్నానికల్లా చెల్లెలు తిరిగొచ్చింది. మోచెయ్యి గీరుకుపోయింది, అరచేతులు బొబ్బలెక్కాయి.

“ప్రతి రాయీ ఎత్తి కుదేసిందక్కా. సగం దారిలోనే వెనక్కొచ్చేశా. ఇది నావల్ల కాదు, బండి అమ్మేస్తా. నువ్వయితే అవలీలగా ఎక్కేసేదానివి.”

అక్క ఎన్నాళ్లుగానో వినాలనుకున్న మాట అది. ఒక్క క్షణం ప్రాణం హాయిగా అనిపించింది. ఆ వెంటనే, అలా అనిపించినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

“తప్పు నీది కాదు. స్ప్రింగు నేనే బిగించా. కావాలనే.”

చెల్లెలు తెల్లబోయింది. “పడతానని తెలిసీనా?”

“తెలుసు. అందరూ నిన్ను నెత్తిన పెట్టుకుంటుంటే ఓర్వలేకపోయా. కుళ్లు, అంతే.”

చెల్లెలు బొబ్బలెక్కిన చేత్తోనే స్పానర్ తీసుకుంది.

“ఎటు తిప్పాలో చెప్పు. ఇకమీదట నా బండి నేనే చూసుకుంటా.”

అక్క చెప్పింది. చెల్లెలు ఒక్కో చుట్టు లెక్కపెట్టుకుంటూ వదులు చేసింది. అక్క కొలిచి చెప్పిన అంకెను నమ్మక టేపు లాక్కుని మళ్లీ కొలుచుకుంది.

మరుసటి ఆదివారం చెల్లెలు పిలవకపోయినా అక్క కొండ దగ్గరికి వెళ్లింది. బండి నేలను అంటిపెట్టుకుని, రాయి వెనక రాయి మింగుకుంటూ పైకి పోతోంది. అందరికంటే ముందుంది చెల్లెలే. అక్క గుండెల్లో మంట ఏమాత్రం చల్లారలేదు.

“ఎవరమ్మా ఆ అమ్మాయి? భలే నడుపుతోందే!” అన్నాడు పక్కనున్న పెద్దాయన.

బండి మలుపు తిరిగేదాకా అక్క దాన్నే చూసింది.

“మా చెల్లెలు,” అంది చివరికి.

ఆ రోజంతా చెల్లెలు పలకరించలేదు. తిరుగు ప్రయాణానికి మాత్రం, బండిని ఎక్కించుకొచ్చిన వ్యాను ముందు సీటు మీదున్న సామాన్లు వెనక్కి పడేసి, అక్క వచ్చేదాకా తలుపు తెరిచి ఉంచింది.