సోఫా దిగింది, గిర్ని ఎక్కింది

షామీర్‌పేట దాటాక కొత్తగా వెలసిన ఒక కాలనీలో రెండు గదుల ఇల్లు కొనుక్కున్నారు ధర్మేందర్, రోజారాణి. రిజిస్ట్రేషన్ అయిపోయింది, సున్నాలు వేయించారు, గృహప్రవేశం చేసి పాలు పొంగించారు. ఇక గాజులరామారం అద్దె ఇంట్లోని సామాను తరలించడమే మిగిలింది.

ధర్మేందర్ తుర్కపల్లి దగ్గర మందుల కంపెనీలో షిఫ్టు ఆపరేటరు. ఇన్నేళ్లూ బైకు మీద అంత దూరం వెళ్లి వచ్చేవాడు. కొత్త ఇంటి నుంచి కంపెనీకి పావుగంట కూడా పట్టదు. రోజారాణి మాత్రం గాజులరామారంలోని మందుల షాపులో చేస్తున్న క్యాషియర్ పని ఇల్లు మారగానే మానుకోవాల్సిందే. కొత్త చోట మళ్లీ పని దొరికేదాకా ఒక్క జీతమే ఇల్లు నడపాలి. అందుకని సామాను తరలించే ఖర్చు పదిహేను వేలు దాటకూడదని ఇద్దరూ ముందే అనుకున్నారు.

వెనకటిసారి ఇల్లు మారినప్పుడు దోస్తులను పిలిచి, కిరాయి బండి ఒకటి మాట్లాడుకుని, బిర్యానీ ఖర్చుతో పని కానిచ్చాడు ధర్మేందర్. ఆ రోజు ఫ్రిజ్ మోస్తూ మెట్ల మీద జారిన దోస్తు ఎల్లేష్‌కు ఇప్పటికీ వానాకాలం వస్తే నడుము పట్టేస్తుంది. ఈసారి సామాను తరలించే కంపెనీ వాళ్లకే ఇద్దామని రోజారాణి గట్టిగా చెప్పింది.

ఒక సాయంత్రం ధర్మేందర్ ఫోను పట్టుకుని సంబరంగా వంటింట్లోకి వచ్చాడు.

"తొమ్మిది వేలంట! మొత్తం వాళ్ళే ప్యాక్ జేస్తరు, ఎక్కిస్తరు, దించుతరు. మనం చూసుకుంట నిలబడుడే."

"ఇల్లు చూసి చెప్పిండా?" అంది రోజారాణి.

"చూసుడెందుకు? రెండు గదులని నేనే చెప్పిన."

"గిర్ని ఉన్నదని చెప్పినవా మరి?"

ధర్మేందర్ తల గోక్కున్నాడు.

గిర్ని అతని తల్లి దుర్గమ్మది. భర్త పోయాక ఇంటి ముందరి షట్టరు గదిలో పిండి మర పెట్టుకుంది. జొన్నలు, గోధుమలు, బియ్యం, శనగపప్పు, పసుపు కొమ్ములు అన్నీ పట్టేది. చుట్టుపక్కల నాలుగు గల్లీల ఆడవాళ్లకు ఆమె గిర్ని దుర్గమ్మే. రాళ్లు, మోటారు, ఇనుప స్టాండు కలిపితే నలుగురు మగవాళ్లు ఊపిరి బిగబట్టి లేపాల్సినంత బరువు.

పై పోర్షన్‌లో ఉండే సుచిత్ర ఆ మాటలు విని మెట్లు దిగి వచ్చింది. ఆమె కుటుంబం బహదూర్‌పల్లి నుంచి ఇక్కడికి మారి ఏడాది అయింది.

"మాకు గూడ గట్లనే ఫోన్ల ఎనిమిది వేలన్నరక్కా. బండి ఎక్కించేదాక మస్తు తియ్యగ మాట్లాడిన్రు. దించే కాడ మొదలువెట్టిన్రు. మెట్లకు వేరే, పరుపు కవర్లకు వేరే, చెప్పినదానికంటే సామాను ఎక్కువున్నదని వేరే. సామానేమో వాళ్ళ బండిలున్నది. ఏం జేస్తం? డబుల్ కట్టినం."

రోజారాణి ఆ ఫోను అందుకుని అదే నంబరుకు కలిపింది. "అన్నా, మీరు చెప్పిన తొమ్మిది వేలల్ల ఏమేం ఉన్నయో వాట్సాప్‌ల రాసి పంపుతరా? మా కాడ పిండి గిర్ని గూడ ఉన్నది."

"అన్నీ ఉంటయ్ మేడం, టెన్షన్ తీసుకోకుండ్రి. ముందుగాల రెండు వేలు అడ్వాన్స్ కొట్టుండ్రి."

"రాసి పంపినంక కొడుత."

అతను పంపలేదు. మర్నాడూ పంపలేదు. ధర్మేందర్ కూడా మళ్లీ ఆ పేరెత్తలేదు.

తర్వాత ఇల్లు చూడటానికి కొంపల్లి వైపు నుంచి వచ్చినవాడు మన్నాన్. సామాను తరలించే చిన్న కంపెనీ నడుపుతాడు, సొంతవి రెండు బండ్లున్నాయి. స్కూటరు దిగి, చెప్పులు గడప బయట విడిచి, గదులన్నీ తిరిగాడు. మంచం కిందికి వంగి చూశాడు. అటక మీద ఏముందో అడిగాడు. బయటికి వెళ్లి గల్లీ మొదటి నుంచి చివరి దాకా నడిచి వచ్చాడు. షట్టరు ఎత్తించి గిర్ని స్టాండును ఒకసారి కదిపి చూశాడు.

"అక్కా, ఎక్కువ తక్కువ నేను జేసేది గాదు, మీ సామాన్లే జేస్తయ్," అన్నాడు చాయ్ తాగుతూ. "సోఫా, షోకేసు, డబుల్ కాట్, గిర్ని, గివన్నీ అంటే పెద్ద బండి గావాలె. పెద్ద బండి మీ గల్లీలకు రాదు, రోడ్డు మీద ఆపి మోసుకపోవాలె. మీరేమో ఆదివారమంటున్రు. నెలాఖరు ఆదివారమంటే అందరికీ గదే రోజు గావాలె. గిర్నికి వేరే మనుషులు, గొలుసు, పుల్లీ. అన్నీ కలిపితే పంతొమ్మిదిన్నర వేలు అయితది. పన్ను గూడ దాంట్లనే."

"ఒక్క గిర్నికి ఎంత పడుతది?" అని అడిగాడు ధర్మేందర్.

"నాలుగున్నర వేలు. అబద్ధం చెప్పి తక్కువ జెప్పలేను అన్నా, మనుషుల చేతులు నలిగే పని."

అతను వెళ్లిపోయాక ఇద్దరూ చాలాసేపు మాట్లాడుకున్నారు. గోడకు అవతల దుర్గమ్మ జల్లెడ పడుతోంది. జల్లెడ చప్పుడు మధ్యలో ఆగిపోయిన సంగతి రోజారాణికి తర్వాత గుర్తొచ్చింది.

రెండు రోజుల తర్వాత రోజారాణి షాపు నుంచి వచ్చేసరికి షట్టరు ముందర ఒక మనిషి కూర్చుని మోటారుకు చెవి ఆనించి వింటున్నాడు. జీడిమెట్లలో పాత మిషన్లు కొని అమ్మే బాలమల్లు. పక్కన దుర్గమ్మ కొంగు నడుముకు దోపుకుని నిలబడి ఉంది.

"మోటారు మంచిగున్నదమ్మా. రాళ్ళు అరిగినయ్. పన్నెండు వేలిస్త, రేపే తీస్కపోత," అన్నాడు బాలమల్లు.

"ఏంది అత్తమ్మా గిది?" అంది రోజారాణి బ్యాగు కూడా దించకుండా.

"ఏమున్నది బిడ్డా, అమ్ముతున్న. నాలుగున్నర వేలు పెట్టి మోయించుకునుడెందుకు? గా పన్నెండు వేలు వస్తే నీ వంటింట్ల అరలు కొట్టించుకోవచ్చు. నాకు గూడ వయసైపాయె. కొత్త కాడ ఎవలొస్తరు పిండి పట్టియ్యనీకి?"

దుర్గమ్మ మామూలుగానే అంది. కానీ ఆమె చెయ్యి గిర్ని మీద నుంచి కదలలేదు.

రోజారాణి బాలమల్లుకు మంచినీళ్లిచ్చి, ఏ సంగతీ ఫోన్ చేసి చెబుతామని పంపేసింది. తర్వాత అత్తను లోపలికి తీసుకెళ్లి మంచం మీద కూర్చోబెట్టి తను కింద కూర్చుంది.

"అత్తమ్మా, ఇప్పుడు పన్నెండు వేలకు అమ్మితే మళ్ల కొనాలంటే యాభై వేలన్న గావాలె. మనం కొంటమా? కొనం. అంటే గిర్ని పోయినట్టే. అదే నాలుగున్నర వేలు పెట్టి తీస్కపోతే రెండు నెలల్ల నువ్వే సంపాదిస్తవ్. నాకు గూడ అక్కడ పని లేకపాయె. ఇద్దరం నడుపుదం."

"మరి పదిహేను వేలు దాటొద్దని మీరే అనుకున్రు గద?"

"దాటది. వేరేవి తగ్గిద్దం."

"ఏం తగ్గిస్తవ్?"

అత్త ముఖంలో ఒక వెలుగు వచ్చి, అంతలోనే దాన్ని ఆమె దాచుకోవడం రోజారాణి చూసింది. అది చూశాక వెనక్కి తగ్గడం ఆమె వల్ల కాలేదు.

మన్నాన్‌కు ఫోన్ చేసి సూటిగా అడిగింది. "మన్నాన్ భాయ్, గిర్ని ఎట్లైనా రావాలె. దానికి నేను బేరమాడను. మిగతాది ఎట్ల తగ్గుతదో చెప్పు."

అతను చెప్పాడు. నెల మధ్యలో, వారం మధ్యలో అయితే ధర తగ్గుతుంది. వంటసామాను, బట్టలు వాళ్లే సర్దుకుని డబ్బాల్లో పెట్టుకుంటే ప్యాకింగ్ కూలి మిగులుతుంది. గాజు సామాను, టీవీ, ఫ్రిజ్ మాత్రం తన మనుషులే కట్టాలి, లేకపోతే పగిలితే తనకు సంబంధం ఉండదు. "ఇంగ పెద్దవి ఒకటి రెండు తగ్గిస్తే చిన్న బండి సరిపోతది. చిన్న బండి గల్లీలకు సీదా మీ గడప దాక వస్తది."

పెద్దవంటే షోకేసు, సోఫా.

షోకేసు రోజారాణి ముచ్చటపడి చేయించుకున్నది. సుచిత్ర ఎప్పటి నుంచో దాని మీద కన్నేసింది. రెండు వేలిచ్చి సంతోషంగా పైకి చేర్చుకుంది. కష్టమంతా సోఫా దగ్గరే వచ్చింది. నైట్ షిఫ్టు చేసి వచ్చిన ధర్మేందర్ మంచం మీద కాకుండా ఆ సోఫాలోనే ముడుచుకుని పడుకునేవాడు.

"గా సోఫా కిస్తులు కట్టి కొన్న. కిస్తులు ఒడిసి రెండేండ్లు గూడ గాలే," అన్నాడు.

"గిర్ని అన్న రావాలె, సోఫా అన్న రావాలె. నువ్వే చెప్పు."

ధర్మేందర్ తల్లి వైపు చూశాడు. దుర్గమ్మ వినబడనట్టు బియ్యంలో రాళ్లు ఏరుతోంది. అతను సోఫాలో కూర్చుని, లేచి, మళ్లీ కూర్చున్నాడు.

"నాకు మంచి పరుపన్న కొనియ్యాలె మరి," అన్నాడు చివరికి.

సోఫా మూడున్నర వేలకు పోయింది. మన్నాన్ కొత్త లెక్క పంపాడు. గిర్నితో కలిపి, పన్నుతో సహా పద్నాలుగు వేలు. ఏవేవి అందులో ఉన్నాయి, ఏవి లేవు అన్నీ రాసి ఉన్నాయి. చివర ఒక వాక్యం ఉంది: బండి ఇంటి దాకా పోలేకపోతే మోసినందుకు వేరే ఇవ్వాలి. రోజారాణి ఆ వాక్యం రెండుసార్లు చదివి, సోఫా డబ్బు ముట్టుకోకుండా విడిగా పెట్టింది.

బుధవారం పొద్దున్నే బండి వచ్చింది. గిర్ని విప్పుతున్నంతసేపూ దుర్గమ్మ పక్కనే నిలబడింది. పై రాయి దించేటప్పుడు "మెల్లగ, మెల్లగ, అంచు తాకుతది" అంటూ మన్నాన్ మనుషుల కన్నా ఎక్కువ చెమటలు కక్కింది. రాళ్లను గోనెసంచుల్లో చుట్టి, స్టాండును తాళ్లతో బిగించి, బండిలో డ్రైవరు వెనక అన్నిటికంటే ముందు దాన్నే పెట్టారు. మధ్యాహ్నానికి షామీర్‌పేట చేరారు.

కాలనీ మలుపులో బండి ఆగిపోయింది. ముందు రోజే డ్రైనేజీ పైపుల కోసం రోడ్డు అడ్డంగా తవ్వేశారు. ఒక పక్కన మట్టిగుట్ట, ఇంకో పక్కన రేకుల కంచె. బైకు పోతుంది, ఆటో ట్రాలీ కూడా కష్టపడి పోతుంది. బండి మాత్రం పోదు. మలుపు నుంచి ఇల్లు కనబడుతూనే ఉంది.

ధర్మేందర్‌కు కోపం వచ్చింది. "మొన్న చూసినప్పుడు మంచిగుండె గద రోడ్డు!"

మన్నాన్ కూడా నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడు. "అన్నా, గిది నా తప్పు గాదు, మీ తప్పు గాదు. ఇంటి సామాను ట్రాలీ మీద రెండు మూడు చక్కర్లల్ల చేరుస్త, పన్నెండు వందలియ్యుండ్రి. గిర్నే పరేషాన్. గా గుంత పక్క నుంచి ట్రాలీ మీద గంత బరువు తీస్కపోతే బోల్తా కొడుతది."

రోజారాణి బేరమాడలేదు. పన్నెండు వందలకు ఒప్పుకుంది. ఇంటి సామాను పోవడం మొదలైంది. గిర్ని ఒక్కటే బండిలో మిగిలింది. దుర్గమ్మ దిగి బండి నీడలో కూర్చుంది.

అంతలో వెనక నుంచి ట్రాక్టరు హారన్ వినిపించింది. తౌడు బస్తాలతో పొలం వైపు పోతున్న ఒక పెద్దమనిషి, బండి అడ్డం ఉండటంతో దిగి వచ్చాడు. పేరు బాలనర్సయ్య. కాలనీ వెనక ఆయనకు రెండెకరాల తోట, నాలుగు బర్రెలు ఉన్నాయి.

"ఏంది గది, మోటారా?" అని బండిలోకి తొంగి చూశాడు.

"పిండి గిర్ని అన్నా," అంది దుర్గమ్మ లేచి.

"గిర్నా? ఇక్కడ పెడుతున్రా?" ఆయన గొంతు మారిపోయింది. "గిర్నికని షామీర్‌పేట దాక పోతున్నమమ్మా. అక్కడ గూడ గోధుమలే పడుతరు, జొన్నలు తెస్తే మూతి ముడుస్తరు. నువ్వు జొన్నలు పడుతవా?"

"జొన్నలే నా అసలు పని," అంది దుర్గమ్మ.

ఇంకేం అడగలేదు బాలనర్సయ్య. ట్రాక్టరు డబ్బాలోని బస్తాలు పక్కకు దింపించి, వెనక్కి నడిపి బండి వెనక తలుపుకు ఆనించాడు. గొలుసు, పుల్లీ తగిలించి, మన్నాన్ మనుషులు నలుగురూ ధర్మేందర్‌తో కలిసి గిర్నిని ఇటు నుంచి అటు జరిపారు. ట్రాక్టరు కాలనీ వెనక బండి పోలేని పొలం బాట పట్టి, చుట్టూ తిరిగి ఇంటి ముందుకొచ్చి ఆగింది, గిర్నిని ముందరి వరండాలో దించారు. రోజారాణి డబ్బులివ్వబోతే ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు.

"డబ్బులెందుకు బిడ్డా? గిర్ని నడువనీ, జొన్నలు తెస్త."

సామాను విప్పి చూసుకుంటే అల్మారా అద్దం ఒక మూల పగిలి ఉంది. రోజారాణి చూపించగానే మన్నాన్ వాదించలేదు. "మా పిల్లలు కట్టిందే గద," అని, ఇవ్వాల్సిన దాంట్లోంచి ఐదు వందలు తీసేయమన్నాడు. మొత్తం మీద పదిహేను వేలు దాటలేదు. సోఫా డబ్బు అట్లాగే ఉంది.

గిర్ని మాత్రం వెంటనే తిరగలేదు. దానికి మూడు ఫేజుల కరెంటు కావాలి. అర్జీ పెట్టుకుని, డబ్బు కట్టి, లైన్‌మన్ వచ్చేసరికి మూడు వారాలు పట్టింది. సోఫా డబ్బు ఆ ఖర్చులోకే పోయింది. ధర్మేందర్ పరుపు కోసం ఇంకో జీతం దాకా ఆగాల్సి వచ్చింది, అందుకు రోజూ ఒకసారి గొణిగేవాడు. ఆలోగా దుర్గమ్మ అరిగిన రాళ్లకు మళ్లీ గాట్లు కొట్టించింది, బెల్టు మార్పించింది, పైన ధాన్యం పోసే డబ్బాకు ఆకుపచ్చ రంగు తనే వేసుకుంది.

కరెంటు వచ్చిన రోజు పొద్దున బాలనర్సయ్య జొన్నల బస్తాతో వచ్చాడు. ఆయన వెనక కాలనీ ఆడవాళ్లు ఇద్దరు గోధుమల డబ్బాలు పట్టుకుని వచ్చారు. వాళ్లకు ఎవరు చెప్పారో తెలియదు. దుర్గమ్మ స్విచ్ వేసి, రాయి చప్పుడు వింటూ రాళ్ల బిగువు సరిచేసే చక్రాన్ని అటు ఇటు కొంచెం తిప్పి, రాలే పిండిని వేళ్ల మధ్య నలిపి చూసుకుంది. తర్వాత కోడలిని పిలిచింది.

"రోజా, ఇట్ల రా. పిండి ముట్టుకో. వేడిగున్నదా?"

"గోరువెచ్చగున్నది అత్తమ్మా."

"మరీ వేడైతే రొట్టె విరుగుతది. గప్పుడు రాయి జర వదులు జెయ్యాలె. చెయ్యి పెట్టి చూసుకుంట ఉండు, అలవాటైతది."

రోజారాణి చీర కుచ్చిళ్లు పైకి దోపుకుని గిర్ని ముందు నిలబడింది. దుర్గమ్మ స్టూలు మీద కూర్చుని, గోధుమల డబ్బాతో వచ్చిన ఒకామెను మీది ఏ ఊరమ్మా అని అడగడం మొదలుపెట్టింది.